ఆష్ ప్రయోగంలో గుంపుకు తలూపినవాళ్లు పిరికివాళ్లేనా?

తుంగభద్ర:
ఆష్ గీతల ప్రయోగంతో మనిషి గొర్రె అని తేలిపోయిందని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. నేనొప్పుకోను. 1950ల్లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త కాలేజీ కుర్రాళ్లకు ఒక గీత చూపించి, పక్కనున్న మూడింటిలో దానికి సమానమైనది ఏదని అడిగాడు. చుట్టూ కూర్చున్నవాళ్లు ఆయన మనుషులే, కావాలనే తప్పు చెప్పారు. అయినా ఆ కుర్రాళ్లు గుంపుతో పోయింది దాదాపు మూడోవంతు సార్లే.

గట్టుమీద:
నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా లొంగారు. అది రాయలేదేం? మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ రిపేరు లెక్క తేడాగా ఉందని మీటింగులో లేచాను. ముందురోజు మెట్ల దగ్గర "మీరడగండి, మేమున్నాం" అన్నవాళ్లు కూడా కమిటీ వైపే చేతులెత్తారు.

సీతాకోక:
లిఫ్ట్ గొడవకి వేరే థ్రెడ్ పెట్టండి సార్.

పెద్దబావి:
ఒకరు జవాబులు లెక్కపెడుతున్నారు, ఇంకొకరు మనుషుల్ని. రెండూ నిజమే.

తుంగభద్ర:
లొంగినవాళ్లందరిదీ భయం కాదు. తర్వాత అడిగితే, తమ చూపే తప్పేమో అనుకున్నామని కొందరన్నారు. 1955లో డాయిచ్, జెరార్డ్ అనే మరో ఇద్దరు మనస్తత్వవేత్తలు ఇలాంటి ప్రయోగమే చేశారు, కానీ ఎవరి జవాబు ఏదో మిగతావాళ్లకు తెలియనివ్వలేదు. లొంగడం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆ మిగిలింది సందేహమే.

గట్టుమీద:
తగ్గిందంటే, తగ్గినంత మేరా భయమేగా! నిజం తెలిసీ నోరు మూసుకున్నారు. నేననేదీ అదే.

తుంగభద్ర:
ఆదివారం పనికి ఎవరు సరే అంటారని మా మేనేజర్ అందరి ముందూ చేతులెత్తమన్నాడు. ఎత్తాను. ఇంటి లోను నా నెత్తిన ఉంది. నన్నూ పిరికివాడంటారా? అనాల్సింది అలా అడిగినవాణ్ని.

గట్టుమీద:
నా బాధ ఓటు గురించి కాదండీ. మీటింగయ్యాక ఒక్కరూ మా గుమ్మం తొక్కలేదు. నిజం చెప్పే ఒక్క తోడున్నా లొంగడం నాలుగోవంతుకు పడిపోయిందని ఆష్ చూపించాడు. నాకు ఆ ఒక్కరు దొరకలేదు.

తుంగభద్ర:
ఇది మొదటే చెప్పాల్సింది. కానీ తోడు నిలిచినవాడి ఉద్యోగం పోతే, వాడికి తోడెవరు? ఈసారి చీటీలతో ఓటింగ్ పెట్టమనండి.

గట్టుమీద:
చీటీలు కావాలన్నా అందరి ముందూ లేచి అడగాలిగా.

తుంగభద్ర:
ముందురోజే ఇద్దరి చేత కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లండి. మెట్ల దగ్గర మాట నమ్మకండి.