ఐపీ ఫోన్ వేసిన మార్కును స్విచ్ నమ్మాలా, చెరిపేయాలా?

హన్మకొండ_కేబుల్: మా మెయిన్ ఆఫీసు హన్మకొండ, బ్రాంచి కరీంనగర్. మధ్యలో 10 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్. రౌటర్‌లో డీఎస్‌సీపీ 46కి (ఐపీ ఫోన్ మాట ప్యాకెట్ల మీద వేసే, ముందు పంపమనే మార్కు) 2 ఎంబీపీఎస్ ప్రయారిటీ క్యూ (ముందు పోయే వరుస) పెట్టాక కాల్స్ బాగానే ఉన్నాయి. పనిలో పని అని నిన్న సిస్కో 2960 స్విచ్‌లో కూడా క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్ ముందు పోవాలో చూసే సెట్టింగు) ఆన్ చేశాను. ఇక చూడండి, పదకొండుకు ఇక్కణ్నుంచి బ్యాకప్ మొదలవగానే మా మాట కరీంనగర్ వాళ్లకు ముక్కలు ముక్కలు. వాళ్ల మాట మాత్రం మాకు శుభ్రంగా వినిపిస్తోంది. మా సీనియర్ అన్ని పోర్టులకూ ట్రస్ట్ (వచ్చిన మార్కును నమ్మమనే సెట్టింగు) పెట్టేయమంటున్నారు. పెట్టొచ్చా?

కాజీపేట_పాతకాపు: తమ్ముడూ, ఆ స్విచ్‌లో క్యూఓఎస్ ఆఫ్‌లో ఉంటే మార్కును ముట్టుకోదు. ఆన్ చేశావంటే, నమ్మమని చెప్పని ప్రతి పోర్టులోనూ 46ను 0 చేసేస్తుంది. మీ సీనియర్ చెప్పింది కరెక్టే, ట్రస్ట్ డీఎస్‌సీపీ కొట్టేయ్. నలభై మంది ఆఫీసులో దొంగ మార్కులు వేసేదెవరు?

మంచిర్యాల_పింగ్: నేనొప్పుకోను అన్నా. మార్కు అంటే ప్యాకెట్ మీద ఆరు బిట్లు, ఎవడైనా రాసుకోవచ్చు. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు నాదే అన్నట్టు. మా దగ్గర ఒక పీసీలోని సాఫ్ట్‌వేర్ ఫైళ్లను 46తో పంపింది. లైన్ నిండినప్పుడు ప్రయారిటీ క్యూ తన 2 ఎంబీ దాటితే మిగిలింది పారేస్తుంది. అందులో ఏది ఫైలో ఏది మాటో దానికి తెలియదు. ఫోన్ వెనకాల పీసీ ఉంటే ట్రస్ట్ సీఓఎస్ పెట్టండి, అంటే డీఎస్‌సీపీని కాక వీలాన్ ట్యాగ్‌లో ఉండే ప్రాధాన్య అంకెను నమ్మమనడం. ఫోన్ ట్యాగ్‌తో 5 పంపుతుంది, ట్యాగ్ లేని పీసీకి 0 పడుతుంది.

గోదావరిఖని_బాయి: ఈ పంచాయితీ అంతా ఎందుకు? 100 ఎంబీ లైన్ తీసుకుంటే అయిపోయె.

కాజీపేట_పాతకాపు: బిల్లు నువ్వు కడతావా? 10 ఎంబీ లైన్‌లో 1500 బైట్ల ప్యాకెట్లు వంద ముందు నిలబడితే వెనకున్న మాట 120 మిల్లీసెకన్లు ఆగాలి. ఒకవైపు ఆలస్యం 150 లోపు ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వాళ్ల జీ.114 సిఫార్సు అంటుంది. 100 ఎంబీలో ఆ వంద 12లో వెళ్లిపోతాయి, నిజమే. కానీ బ్యాకప్ దొరికినంతా తాగేస్తుంది, అప్పుడు వరుసలో వెయ్యి ఉంటాయి.

హన్మకొండ_కేబుల్: పింగ్ అన్న చెప్పినట్టే సీఓఎస్ పెట్టాను. ఇంకా తెగుతోంది. వైర్‌షార్క్‌లో (ప్యాకెట్లను విప్పి చూపే సాఫ్ట్‌వేర్) రౌటర్ దగ్గర 46 కాదు, 40 కనిపిస్తోంది!

మంచిర్యాల_పింగ్: అయ్యో, అది చెప్పడం మరిచాను. ఆ స్విచ్ డీఫాల్ట్ మ్యాప్‌లో (సీఓఎస్‌ను డీఎస్‌సీపీగా మార్చే పట్టిక) సీఓఎస్ 5 అంటే 40, మీ రౌటర్ క్యూ ఏమో 46కే. మ్యాప్‌లో ఆరో అంకెను (లెక్క 0 నుంచి కాబట్టి 5ది అదే) 46 చేయండి.

కాజీపేట_పాతకాపు: నా దారిలో వచ్చి ఉంటే ఈ తిప్పలే లేకపోయేవి :)

హన్మకొండ_కేబుల్: మార్చాను. బ్యాకప్ నడుస్తుండగానే కరీంనగర్ స్టోర్స్‌వాళ్లతో పావుగంట మాట్లాడాను. ఒక్క మాట పోలేదు. మా సీనియర్ మాత్రం ఇంకా అన్ని పోర్టులూ అంటున్నారు.