జాతి హననం జరిగాక ఒక నాగరికత తన ఆదర్శాల గురించి ఏ ముఖంతో మాట్లాడాలి?

ఉత్తరగాలి:
జర్మన్ మహాకవులు గోథే, షిల్లర్ బతికిన ఊరు వైమార్. జర్మన్ సాహిత్యానికి పుణ్యక్షేత్రం లాంటిది. ఆ ఊరికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, కొండ మీద, 1937లో నాజీలు బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం కట్టారు. శిబిరం కోసం అడవి కొట్టేస్తూ ఒక ఓక్ చెట్టును మాత్రం వదిలిపెట్టారు. ఖైదీలు దాన్ని గోథే చెట్టు అని పిలిచేవారు. 1942 జనవరి 20న బెర్లిన్ దగ్గర వాన్‌సేలో 15 మంది అధికారులు సమావేశమై, యూరప్‌లోని యూదులందరినీ ఎలా అంతం చేయాలో శాఖల వారీగా మాట్లాడుకున్నారు. వాళ్లలో ఎనిమిది మందికి డాక్టరేట్లున్నాయి.

దీన్ని చాలామంది "ఆదర్శాల నుంచి దారి తప్పడం" అంటారు. నాకు ఆ మాట మింగుడు పడదు. మనిషి హక్కులు, గౌరవం, చట్టం ముందు సమానత్వం అని యూరప్ చెప్పిన ప్రతిచోటా "ఎవరికి?" అనే గీత మొదటినుంచీ ఉంది. నాజీల కంటే చాలా ముందు, 1904 అక్టోబర్ 2న, అప్పట్లో జర్మన్ వలసగా ఉన్న ఇప్పటి నమీబియాలో జర్మన్ సేనాధిపతి ఫాన్ ట్రోథా ఒక ఆజ్ఞ జారీ చేశాడు. ఆ వలస సరిహద్దులో కనిపించిన, అక్కడి హెరెరో తెగకు చెందిన ప్రతి పురుషుణ్ణీ, ఆయుధం ఉన్నా లేకపోయినా, కాల్చేయాలి. ఆడవాళ్లనూ పిల్లలనూ ఎడారిలోకి తరిమేయాలి. నీటి బావుల దగ్గర కాపలా పెట్టారు. ఆ జాతిలో అత్యధికులు చనిపోయారు. ఆదర్శాలు గొప్పవే కావచ్చు, కానీ వాటికి కంచె ఉంది. హననం జరిగింది ఆ కంచె అవతల. మీరేమంటారు?

చరిత్ర పాఠకురాలు:
ఉత్తరగాలి గారూ, మీరు హెరెరోల కథ సగంలో ఆపేశారు. ఆ ఆజ్ఞ బెర్లిన్‌కు తెలిశాక, ఇది క్రైస్తవ ధర్మానికీ మానవత్వానికీ విరుద్ధమని చెప్పి రద్దు చేయమని చాన్సలర్ బ్యూలో స్వయంగా చక్రవర్తి కైజర్‌ను కోరాడు. 1904 డిసెంబర్‌లో రద్దయింది కూడా. ఆదర్శాలకు బలం లేకపోతే చాన్సలర్ ఆ మాట ఎందుకు ఎత్తాలి?

ఇంకొకటి. నాజీలు చంపడాన్ని ఎందుకు దాచారు? 1943 అక్టోబర్‌లో ఆక్రమిత పోలండ్‌లోని పోజెన్‌లో నాజీల సాయుధ దళం ఎస్ఎస్ అధిపతి హిమ్లర్ తన అధికారుల ముందు యూదుల నిర్మూలన గురించి బాహాటంగా మాట్లాడుతూనే, ఇది ఎన్నడూ రాయబడని పేజీ అన్నాడు. సమాజం పూర్తిగా తమవైపే ఉందనుకుంటే దాచాల్సిన పని లేదు. మానసిక, శారీరక వైకల్యం ఉన్నవాళ్లను చంపే కార్యక్రమం (టీ4) మీద 1941 ఆగస్టులో మ్యూన్‌స్టర్ బిషప్ ఫాన్ గాలెన్ చర్చి వేదిక మీదనుంచే నిరసన తెలిపాడు. అదే నెలలో హిట్లర్ దాన్ని ఆపమన్నాడు. అప్పటికే సుమారు 70 వేల మందిని చంపేశారు, నిజమే. కానీ ఆదర్శాన్ని గట్టిగా పలికిన చోట హంతకుడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఉత్తరగాలి:
మీరు చెప్పిన రెండూ నిజమే. వాటి తర్వాత ఏమైందో కూడా చూడండి. ఆజ్ఞ రద్దయ్యాక బతికిన హెరెరోలనూ, తర్వాత నామా అనే మరో తెగవాళ్లనూ శిబిరాల్లో పెట్టి వెట్టిచాకిరీ చేయించారు. షార్క్ ఐలాండ్‌లో చలికి, ఆకలికి, జబ్బులకు వేల మంది పోయారు. చాన్సలర్ గారి మానవత్వం కాల్పుల్ని ఆపింది, చావుల్ని ఆపలేదు. టీ4 కూడా అంతే. గ్యాస్ గదులు ఆపారు గానీ ఆసుపత్రుల్లో మందులతో, తిండి పెట్టకుండా చంపడం యుద్ధం అయ్యేదాకా సాగింది. ఆ పనిలో చేయి తిరిగిన సిబ్బందిని యూదులను చంపే శిబిరాలైన బెల్జెక్, సోబిబోర్, ట్రెబ్లింకాలకు పంపారు. పైగా బిషప్ అంత ధైర్యంగా నిలబడింది తన సమాజంలోని రోగుల కోసం. యూదుల కోసం ఆయన అదే వేదిక మీద అలా మాట్లాడలేదు. నేను కంచె అన్నది దీన్నే.

నిలువుటద్దం:
ఇద్దరూ జర్మనీ దగ్గరే ఆగిపోయారు. ఆఫ్రికాలోని రువాండాకు రండి, మీ ఇద్దరి వాదనలూ ఇరుకున పడతాయి.

1994 ఏప్రిల్ నుంచి జులై వరకు, దాదాపు నూరు రోజుల్లో, సుమారు 8 లక్షల మందిని చంపారు. చంపింది మెజారిటీ జాతి హుటూల్లోని తీవ్రవాదులు, చచ్చినవాళ్లలో ఎక్కువమంది మైనారిటీ జాతి టుట్సీలు. అక్కడ కంచె ఎక్కడుంది? హుటూలు, టుట్సీలు మాట్లాడేది ఒకే భాష. ఇరుగుపొరుగు ఇళ్లు. దేశంలో అత్యధికులు క్రైస్తవులు, ఒకే చర్చిలో పక్కపక్కన మోకరిల్లినవాళ్లు. అంతకుముందు గొడవలు జరిగినప్పుడు చర్చిలోకి వెళ్తే ప్రాణం దక్కేది. ఆ నమ్మకంతోనే ఈసారీ వెళ్లారు. న్తరామా, న్యమాతా చర్చిలు ఇప్పుడు స్మారక చిహ్నాలు. న్యాంగే చర్చిలో దాదాపు రెండు వేల మంది తలదాచుకుంటే బుల్డోజర్‌తో భవనాన్ని వాళ్ల మీద కూల్చారు. అందులో పాత్ర ఉందని ఆ చర్చి ఫాదర్ అథనాస్ సెరోంబాకు అంతర్జాతీయ ట్రైబ్యునల్ 2008లో అప్పీలు మీద యావజ్జీవ శిక్ష వేసింది.

ఇది చదివిన ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. చంపినవాళ్లకు "చంపకూడదు" అన్న ఆజ్ఞ తెలియక కాదు, చిన్నప్పటినుంచీ వల్లించినదే. కాబట్టి గీత మొదటినుంచీ ఉందనడం సరిపోదండీ. గీతను గీస్తారు. అప్పట్లో రువాండాను ఏలిన బెల్జియం పాలకులు 1930ల్లో గుర్తింపు కార్డుల మీద జాతి పేరు రాయించారు. ఆ కార్డులే 1994లో రోడ్డు మీద అడ్డగించి ఎవర్ని చంపాలో తేల్చుకోవడానికి పనికొచ్చాయి. హుటూ తీవ్రవాదుల ఆర్‌టీఎల్‌ఎమ్ రేడియో టుట్సీలను బొద్దింకలని పిలిచింది. అందరం ఒకటే అన్న నమ్మకం ఒక కార్డు ముందు, ఒక రేడియో ముందు ఎందుకు నిలవలేకపోయిందో చెప్పండి.

మౌనరాగం:
మిగతా ప్రపంచాన్ని ఎవరూ బోనులో నిలబెట్టడం లేదేం? జాతి హననాన్ని నేరంగా ప్రకటించి, నివారిస్తామని ఐక్యరాజ్యసమితి ఒప్పందం చేసుకున్నది 1948 డిసెంబర్ 9న. మర్నాడే విశ్వ మానవ హక్కుల ప్రకటన. 1994 ఏప్రిల్ 21న, హత్యాకాండ జోరుగా సాగుతుండగా, అదే సంస్థ భద్రతా మండలి రువాండాలోని తన సైన్యాన్ని 270 మందికి తగ్గించాలని నిర్ణయించింది. మరుసటి ఏడు బోస్నియాలోని స్రెబ్రెనీత్సాలో, తామే "సురక్షిత ప్రాంతం" అని ప్రకటించిన చోట, ఎనిమిది వేల మందికి పైగా బోస్నియా ముస్లిం మగవాళ్లనూ కుర్రాళ్లనూ చంపేశారు. ఆదర్శాలు ఓడింది హంతకుల చేతుల్లోనే కాదు.

చరిత్ర పాఠకురాలు:
ఒప్పుకుంటాను. కానీ నిలబడినవాళ్లను లెక్కలోంచి తీసేయకండి. 1943 అక్టోబర్‌లో డెన్మార్క్ బిషప్‌ల లేఖను చర్చిల్లో చదివారు, యూదుల మీద వేటను వ్యతిరేకించడం క్రైస్తవుల బాధ్యత అని. 7 వేల మందికి పైగా యూదులను పడవల్లో స్వీడన్ చేర్చారు. బల్గేరియాలో పార్లమెంటు ఉపసభాపతి దిమితర్ పెషెవ్ 1943 మార్చిలో యూదుల అప్పగింత మీద తోటి సభ్యుల సంతకాలతో నిరసన లేఖ ఇచ్చి పదవి పోగొట్టుకున్నాడు. బల్గేరియా యూదులు సుమారు 48 వేల మంది బతికారు. వీళ్లకు ఆదర్శం పుస్తకంలో మాట కాదు.

ఉత్తరగాలి:
పెషెవ్ అంటే నాకూ గౌరవమే. అయితే అదే బల్గేరియా తను ఆక్రమించిన థ్రేస్, మాసిడోనియాల నుంచి 11 వేల మందికి పైగా యూదులను నాజీలకు అప్పగించింది. వాళ్లకు పౌరసత్వం ఇవ్వలేదు కాబట్టి. నిలువుటద్దం గారి మాట ఇక్కడ బాగా అతుకుతుంది, ఆ గీతను గీసింది ఒక కాగితం.

అందుకే నా వాదనను ఇంకొంచెం ముందుకు జరుపుతాను. ఒక సమాజం ఏ ఆదర్శాలు చెప్పుకుంటుందన్నది నాకిప్పుడు పెద్ద విషయం కాదు. ఆ ఆదర్శం ఏ బల్ల దగ్గర, ఎవరి చేతిని పట్టుకుని ఆపగలదు అన్నది చూడాలి. వైద్యులను తీసుకోండి. రోగి అనుమతి లేకుండా ప్రయోగాలు చేయకూడదని జర్మనీలో 1931లోనే ప్రభుత్వ నిబంధనలు వచ్చాయి, అప్పటికి ప్రపంచంలోనే కఠినమైనవి. ఆ తర్వాతే శిబిరాల్లో ప్రయోగాలు జరిగాయి. 1946లో న్యూరెంబర్గ్‌లో మొదలైన వైద్యుల విచారణలో 23 మంది నిందితుల్లో 20 మంది డాక్టర్లు. నియమం ఉంది, చదువు ఉంది, ప్రమాణం ఉంది. "చేయను" అన్న డాక్టర్‌ను కాపాడే ఏర్పాటు లేదు, ప్రయోగానికి బలైనవాడి తరఫున అడిగే గొంతు గదిలో లేదు.

ఆ గొంతు ఇప్పటికైనా గదిలోకి వచ్చిందా? 2021లో జర్మనీ హెరెరో, నామాల మీద జరిగింది జాతి హననమని ఒప్పుకుంది. 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు అభివృద్ధి సాయంగా ఇస్తామంది, నష్టపరిహారం అనలేదు. చర్చలు రెండు ప్రభుత్వాల మధ్య నడిచాయి. తమను నేరుగా కూర్చోబెట్టి మాట్లాడలేదని హెరెరో, నామా నాయకులు చాలామంది ఆ ఒప్పందాన్ని తిరస్కరించారు.

నిలువుటద్దం:
అయితే వాళ్లు కూర్చునేదాకా ఆ ఒప్పుకోలును నేను సగమే లెక్కేస్తాను.