‘బొమ్మ దొర్లుతోంది’ అంటే అసలు దొర్లేది ఏమిటి?

ప్రశ్న

పాత టీవీల గురించి జనం వాడిన మాటలు పోగుచేస్తున్నాను. బొమ్మ దొర్లుతోంది, బొమ్మ చీలిపోతోంది, చుక్కలు పడుతున్నాయి, నీడ వస్తోంది, రంగు పోయింది. ఇవి ఎవరో పండితులు కూర్చుని తయారుచేసినవి కావు, చూసినవాళ్ళు చూసింది చూసినట్టు అన్న మాటలు. పదకోశంలో వీటన్నిటికీ ‘టీవీ సరిగ్గా రాకపోవడం’ అని ఒకే అర్థం ఇచ్చేయవచ్చా? లేక ఒక్కోదానికీ వేరే అర్థం ఉందా? ముఖ్యంగా ఆ ‘దొర్లడం’ నాకు అంతుపట్టలేదు. సాంకేతిక విషయాలు తెలిసినవారు చెబితే బాగుంటుంది.

జవాబు

దయచేసి ఒకే అర్థం ఇవ్వకండి. ఇవి ఐదు వేర్వేరు లోపాలు. టీవీ బాగుచేసేవాళ్ళకి మాట వినగానే, సెట్టు విప్పకముందే, ఎక్కడ చూడాలో తెలిసిపోయేది. ఇంట్లోవాళ్ళు మామూలుగా అనే మాట అంత కచ్చితంగా పనికొచ్చిందంటే చాలా గొప్ప విషయం.

ముందు ఒక సంగతి. పిక్చర్ ట్యూబు ఉన్న టీవీలో పూర్తి బొమ్మ ఏ క్షణంలోనూ తెరమీద లేదు. ఉన్నది ఒక్క చుక్క. ట్యూబు వెనక భాగంలోంచి వచ్చే ఎలక్ట్రాన్ల పుంజం తెర లోపలి పూత మీద పడితే పడిన చోట వెలుగు పుడుతుంది. ఆ చుక్క ఎడమ నుంచి కుడికి ఒక గీత గీస్తుంది, చటుక్కున వెనక్కి వచ్చి కింద ఇంకో గీత గీస్తుంది. గీత పొడవునా పుంజం బలం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి వెలుగునీడలు వస్తాయి. 625 గీతల పద్ధతిలో ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు. అందులో బొమ్మ కనిపించేది 52, మిగిలిన 12 చుక్క వెనక్కి రావడానికి. తెర వెడల్పు 52 సెంటీమీటర్లు అనుకుంటే చుక్క సెకనుకు 10 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతున్నట్టు! పూతలో కాసేపు నిలిచే వెలుగు, మన కంటి నెమ్మదితనం, ఈ రెండూ కలిసి దాన్ని బొమ్మ చేస్తాయి. చాలా తక్కువ ఎక్స్‌పోజరుతో ఆ తెరను ఫోటో తీస్తే వెలుగు పట్టీ ఒకటి తప్ప మిగతాదంతా దాదాపు చీకటే.

ఇలా ఎందుకు చేయాల్సి వచ్చిందంటే, తీగలోగానీ రేడియో తరంగంలోగానీ ఒక క్షణానికి ఒక విలువే పంపగలం. కాబట్టి బొమ్మను ముక్కలు చేసి వరుసగా పంపాలి. ఈ ఆలోచనతో 1884లో జర్మనీలో పాల్ నిప్కో ఒక పేటెంటు వేశాడు. పళ్ళెంలాంటి చక్రంలో సర్పిలాకారంగా బెజ్జాలు ఉంటాయి. చక్రం తిరుగుతుంటే ఒక్కో బెజ్జం బొమ్మలో ఒక్కో గీతను చదువుతూ పోతుంది. 1926 జనవరిలో లండన్‌లో జాన్ లోగీ బెయిర్డ్ చూపించిన టీవీ ఇలాంటి చక్రాలతో నడిచిందే. 30 గీతలే, అవీ నిలువు గీతలు. అదే ఏడాది డిసెంబరులో జపాన్‌లో కెంజిరో తకయనాగి 40 గీతలతో ట్యూబు తెరమీద ఒక అక్షరాన్ని చూపించాడు. కటకానా లిపిలో మన ‘ఇ’ లాగా పలికే అక్షరం అది, వాళ్ళ పాత వర్ణక్రమంలో మొట్టమొదటిది. అక్షరాల గురించి మాట్లాడుకునే మనకి ఈ సంగతి నచ్చుతుందని చెబుతున్నాను.

ఇక దొర్లడం. టీవీలో గీతలు గీసే గడియారం ఒకటి, కెమెరా వైపు ఇంకొకటి. రెండూ కలిసి నడవాలి. అందుకే ప్రతి గీత చివరా, ప్రతి బొమ్మ చివరా సిగ్నల్‌లో ఒక గుర్తు పంపిస్తారు. దాన్నే సింక్ అంటారు. గీత చివరి గుర్తు ‘ఇక వెనక్కి రా’ అంటుంది, బొమ్మ చివరి గుర్తు ‘ఇక పైకి వెళ్ళు’ అంటుంది. ఈ రెండో గుర్తును టీవీ పట్టుకోలేకపోతే కిందటి బొమ్మ ఎక్కడ మొదలైందో ఈ బొమ్మ అక్కడ మొదలవదు, కాస్త జరిగి మొదలవుతుంది. తర్వాతిది ఇంకాస్త జరుగుతుంది. అదే దొర్లడం. అప్పుడు బొమ్మతోపాటు ఒక నల్ల పట్టీ కూడా పోతూ కనిపించేది, గుర్తుందా? అది చుక్క కిందనుంచి పైకి వెళ్ళడానికి కేటాయించిన సమయం. 625 గీతల్లో బొమ్మ మోసేవి 575 చిల్లర, మిగతా 50 దాకా ఆ పట్టీవే. మామూలుగా అవి తెర అంచులకు అవతల ఉండిపోతాయి. దొర్లినప్పుడే బయటపడతాయి. సెట్టు వెనక ‘వెర్టికల్ హోల్డ్’ అని ఒక నాబ్ ఉండేది. దాన్ని మెల్లగా తిప్పి లోపలి గడియారం వేగాన్ని సిగ్నల్ వేగానికి దగ్గరగా తెస్తే, గుర్తు దాన్ని పట్టుకుని నిలబెట్టేది.

చీలిపోవడం వేరు. గీత చివరి గుర్తు తప్పితే ఒక్కో గీత ఒక్కో చోట మొదలవుతుంది, బొమ్మంతా ఏటవాలు ముక్కలైపోతుంది. దానికి నాబ్ కూడా వేరే.

ఇంకొకరు

చాలా బాగా చెప్పారండీ. స్కానింగ్ లైన్‌కి తెలుగులో ‘సాలు’ అనవచ్చా? నాగలి సాళ్ళలాగే ఒకదాని కింద ఒకటి కదా.

జవాబు

అనవచ్చు, నాకు నచ్చింది. దానికి ఒక చరిత్ర కూడా ఉంది. అమెరికాలో ఫైలో ఫార్న్స్‌వర్త్ అనే రైతుబిడ్డ పద్నాలుగేళ్ళ వయసులో దున్నిన పొలంలో సాళ్ళు చూసి, బొమ్మను కూడా ఇలాగే ఎలక్ట్రాన్లతో వరుసలుగా గీయవచ్చు అనుకున్నాడని చెబుతారు. 1922లో ఆ పథకాన్ని స్కూల్లో తన కెమిస్ట్రీ మాస్టారికి గీసి చూపించాడు. 1927 సెప్టెంబరు 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో, తిరిగే చక్రాలేవీ లేకుండా, పూర్తిగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో అతను పంపిన మొదటి బొమ్మ ఒక గీత. ఆ గీత ముందు చక్రాల పద్ధతి ఎంతోకాలం నిలవలేదు. 1936 నవంబరులో బీబీసీ లండన్‌లో ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు బెయిర్డ్ 240 గీతల పద్ధతినీ, మార్కోని-ఇఎంఐ కంపెనీ 405 గీతల ఎలక్ట్రానిక్ పద్ధతినీ వారం మార్చి వారం నడిపింది. 1937 ఫిబ్రవరికల్లా బెయిర్డ్ పద్ధతిని పక్కన పెట్టేసింది.

ఒక్క తేడా మాత్రం పదకోశంలో రాయండి. ఈ సాళ్ళు వరుసగా పడవు. ముందు బేసి సాళ్ళన్నీ పైనుంచి కిందకి, తర్వాత వాటి సందుల్లో సరి సాళ్ళు. సెకనుకు 25 పూర్తి బొమ్మలే పంపితే తెర మిణుకుమంటుంది, 50 పంపాలంటే ప్రసార తరంగాల్లో రెట్టింపు చోటు కావాలి. సగం సగంగా సెకనుకు 50 సార్లు పంపితే అదే చోటులో మిణుకు తగ్గుతుంది. దీన్ని ఇంటర్లేసింగ్ అంటారు. తెలుగులో ‘అల్లిక’ అంటే సరిగ్గా అతుకుతుంది.

ప్రశ్న అడిగినవారు

అల్లిక రాసుకున్నాను, ధన్యవాదాలు. మరి నీడ, చుక్కలు, రంగు పోవడం?

జవాబు

నీడ నాకు చాలా ఇష్టమైన మాట. సిగ్నల్ ట్రాన్స్‌మిటర్ నుంచి నేరుగా యాంటెన్నాకి వస్తుంది. అదే సిగ్నల్ ఏ కొండకో, పెద్ద భవనానికో తగిలి కాస్త ఆలస్యంగా ఇంకోసారి వస్తుంది. రేడియో తరంగం మైక్రోసెకనులో 300 మీటర్లు పోతుంది. పైన చెప్పిన తెరమీద చుక్క మైక్రోసెకనుకు ఒక సెంటీమీటరు కుడికి జరుగుతుంది. కాబట్టి నీడ అసలు బొమ్మకు కుడివైపు ఒక సెంటీమీటరు దూరంలో పడితే, ఆ రెండో దారి 300 మీటర్లు ఎక్కువన్నమాట. స్కేలు పెట్టి కొలిచి చెప్పేయవచ్చు! యాంటెన్నాను అటూ ఇటూ తిప్పితే నీడ తగ్గడానికీ కారణం ఇదే. తగిలి వచ్చే దిక్కు నుంచి అది మొహం పక్కకి తిప్పుకుంటుంది.

చుక్కలు పడడం అంటే సిగ్నల్ బలహీనమై, సెట్టులోని భాగాల్లో వేడివల్ల పుట్టే రొద, బయటినుంచి వచ్చే రొద పైకి తేలడం. ఖాళీ ఛానెల్‌లో కనిపించే ఆ చుక్కల్లో కొద్ది వంతు, విశ్వం తొలినాళ్ళ నుంచి మిగిలిన మైక్రోవేవ్ వికిరణానిది.

రంగు పోవడం: రంగుల టీవీ వచ్చేనాటికి ఇళ్ళల్లో లక్షల నలుపు-తెలుపు సెట్లున్నాయి, వాటినీ పనిచేయించాలి. అందుకని వెలుతురును యథాతథంగా పంపి, రంగు సమాచారాన్ని దానిమీద వేరే పొరగా ఎక్కించారు. అమెరికా 1953లో ఒప్పుకున్న పద్ధతి ఇది. తర్వాత జర్మనీలో వాల్టర్ బ్రూక్ దీన్నే మెరుగుపరిచి పాల్ (PAL) అనే రంగుల పద్ధతి చేశాడు. వెలుతురు లెక్కలో ఎరుపుకి 30 శాతం, ఆకుపచ్చకి 59, నీలానికి 11, మన కన్ను వాటిని పట్టించుకునే తీరునుబట్టి. సిగ్నల్ తగ్గినప్పుడు ముందు ఆ పై పొర పాడవుతుంది. తప్పుడు రంగులు చూపించే బదులు సెట్టే రంగును ఆపేస్తుంది, బొమ్మ మాత్రం మిగులుతుంది. అందుకే జనం ‘బొమ్మ పోయింది’ అనలేదు, ‘రంగు పోయింది’ అన్నారు.

ఇంకొకరు

ఇప్పటి టీవీకి ఈ మాటలేవీ పనికిరావు కదా? మా పిల్లలు ‘బొమ్మ గళ్ళు గళ్ళు అయిపోయింది’, ‘స్టక్ అయిపోయింది’ అంటారు.

జవాబు

పిల్లలు సరిగ్గానే అంటున్నారు. 1920×1080 చుక్కల బొమ్మను ఉన్నదున్నట్టు పంపాలంటే సెకనుకు 150 కోట్ల బిట్ల దాకా కావాలి. అమెరికా డిజిటల్ ప్రసారాల్లో ఒక ఛానెల్‌కి మొదట దొరికిన చోటు 2 కోట్ల బిట్ల లోపే. అందుకని బొమ్మను చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో కంటికి ఆనని వివరాలు వదిలేసి, కిందటి బొమ్మకీ దీనికీ ఉన్న తేడా మాత్రమే పంపుతారు. ఎంపెగ్-2 అనే కుదింపు పద్ధతిలో లెక్క చేసే గడి 8×8 చుక్కలు. కొన్ని బిట్లు దారిలో పోతే ఆ గళ్ళు అలాగే బయటపడతాయి. కిందటి బొమ్మమీద ఆధారపడినవన్నీ తప్పుతాయి కాబట్టి, మళ్ళీ ఒక పూర్తి బొమ్మ వచ్చేదాకా మొహాలు చెదిరే ఉంటాయి. నీడ పడడం మాత్రం పోయింది. ఆలస్యంగా వచ్చిన సిగ్నల్‌ను లెక్కలోనే సరిచేసుకుంటారు. సిగ్నల్ తగ్గే కొద్దీ మసకబారడం కూడా లేదు, ఒక హద్దు దాకా శుభ్రంగా ఉండి ఆ తర్వాత ఒక్కసారిగా ఆగిపోతుంది.

తెర కూడా మారింది. ఎల్‌సీడీలో పరుగెత్తే చుక్క లేదు. ప్రతి చుక్కకీ తన సొంత ట్రాన్సిస్టరు, తర్వాతి బొమ్మ వచ్చేదాకా తన వెలుగును పట్టుకునే ఉంటుంది. 4కే తెరలో రంగుకొకటి చొప్పున అలాంటివి దాదాపు రెండున్నర కోట్లు. తెరమీద నిజంగా పూర్తి బొమ్మ ఉంటున్నది ఇప్పుడే.

ప్రశ్న అడిగినవారు

ఇలా రాశాను, చూడండి. దొర్లు: ట్యూబు టీవీలో సిగ్నల్ లేక బొమ్మ పైకో కిందకో జరుగుతూ పోవు. నీడ: ఆలస్యంగా అందిన రెండో సిగ్నల్‌వల్ల అసలు బొమ్మ పక్కన కనిపించే పలచని బొమ్మ.

జవాబు

నీడ బాగుంది. దొర్లులో ‘సిగ్నల్ లేక’ తీసేయండి. సిగ్నల్ లేకపోతే చుక్కలే, దొర్లడానికి బొమ్మే ఉండదు. ‘బొమ్మ చివరి గుర్తును సెట్టు పట్టుకోలేక’ అని రాస్తే సరిపోతుంది.