స్కూల్లో బొమ్మలు: ఒకటే పట్టుకోవాలా, అన్నీ ముట్టుకోవాలా?

ఎండుటాకు: మాది శ్రీకాళహస్తి దగ్గర. మొన్ననే పదో తరగతి అయిపోయింది. మా స్కూల్లో ఆరు నుంచి ఏడాదికో రకం బొమ్మల పని చేయించారు. పెన్సిల్ షేడింగులో నేనే ఫస్ట్. వాటర్ కలర్‌కి వచ్చేసరికి అంతా బురద. బంకమట్టితో చేసిన ఎద్దుకి ఆరగానే కాళ్లు ఊడిపోయాయి. అతికించే చోట గీతలు గీసి పలచటి మట్టి రాయాలని తర్వాత చెప్పారు. కలంకారీ మాత్రం భలే నచ్చింది. గుడ్డని పాలు, కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడితే గీత పాకదు. ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లలో కలం ముంచి గీస్తే, కరక్కాయ తగిలి నల్లగా తేలుతుంది. ఇక చెరపడం కుదరదు.

మా నాన్న అంటారూ, "దేన్లోనూ గట్టిపడలేదు, పెన్సిలే పట్టుకుని ఉంటే ఈపాటికి ప్రభుత్వం పెట్టే లోయర్ డ్రాయింగ్ పరీక్ష పాసయ్యేదానివి" అని. మీరేమంటారు?

పాత డ్రాయింగ్ మాస్టారు: నాన్నగారు చెప్పింది నిజం తల్లీ. సర్వీసంతా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రాయింగ్ చెప్పినవాణ్ణి. గీత కుదరని చేతికి రంగులు ఇవ్వకూడదు. నీ బొమ్మ బురదెందుకైంది? తడి ఆరకముందే రంగు మీద రంగు వేసుంటావు, తెల్ల రంగు కూడా కలిపుంటావు. వాటర్ కలర్‌లో తెలుపంటే కాగితమే. లేత రంగు ముందు, ముదురు తర్వాత.

తులసికోట: తెల్ల రంగు కలపకూడదని ఏ చట్టంలో ఉంది మాస్టారూ? తెలుపు కలిపి వేసే పెద్ద చిత్రకారులు ఎంతమంది లేరు! స్కూలు పక్క షాపులో పిల్లలకి దొరికేదే పోస్టర్ కలర్.

పాత డ్రాయింగ్ మాస్టారు: పోస్టర్ కలర్ వేరు, వాటర్ కలర్ వేరు. ఒకటి కప్పేస్తుంది, ఇంకోదాని కింద కాగితం కనబడాలి. ఆ తేడా తెలియకుండా ఏడాదికో మీడియం మారిస్తే ఏమొస్తుంది?

చిన్నసైకిల్: ఆ అమ్మాయి అడిగిందేంటి, మీరు మాట్లాడేదేంటి?

తులసికోట: సరే, నా సంగతి చెప్తా. ఎనిమిదిలో వానలో బస్టాండు బొమ్మ వేశాను. జిల్లా పోటీకి పంపే ముందు మా సారు బ్రష్ తీసుకుని ఆకాశమంతా తనే దిద్దేశారు. ప్రైజొచ్చింది. సర్టిఫికెట్ మా అమ్మ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. చుట్టాలొచ్చి మెచ్చుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఏ మీడియమైతే ఏంటి, మా బొమ్మ మమ్మల్ని వెయ్యనిస్తే కదా!

పాత డ్రాయింగ్ మాస్టారు: దిద్దకుండా చదువెలా వస్తుందమ్మా? లెక్క తప్పితే ఎర్ర పెన్నుతో దిద్దరా?

తులసికోట: దిద్దినవాళ్లు ఆ లెక్కకి మార్కులు వేసి పోటీకి పంపరు. పక్కన ఇంకో కాగితం మీద వేసి చూపించొచ్చు కదా.

బడిగంట: మీరు అదృష్టవంతులు, దిద్దడానికైనా ఓ సారున్నారు. నేను సైన్సు చెప్తాను. మా బళ్లో డ్రాయింగ్ పోస్టు ఎప్పట్నుంచో ఖాళీ. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి అంది. టైంటేబుల్లోనూ పీరియడ్ ఉంది. అందులో లెక్కలు చెప్తున్నారు.

పాత డ్రాయింగ్ మాస్టారు: ఇప్పుడు అర్థమైందా తులసమ్మా? క్లాసు నిండా పిల్లలు, ఒక్క కుళాయి, ఉన్నది ఒక్క పీరియడు. అందులో రంగులు కలిపించి, కడిగించి, ఆరబెట్టించాలి. అధికారులు తనిఖీకొస్తే గోడకి నాలుగు మంచి బొమ్మలుండాలి. లేకపోతే "ఈ మాస్టారెందుకు" అంటారు. నాతో అన్నారు కూడా, అందరి ముందూ. ప్రైజులు రాబట్టే ఆ పీరియడ్ నిలబెట్టాను. మీ సారు చేసిందీ అదే అయ్యుంటుంది.

తులసికోట: అంటే ఆయన పీరియడ్ కోసం నా బొమ్మ తాకట్టు పెట్టారన్నమాట. మరి ఆ సర్టిఫికెట్ మీద ఆయన పేరే రాయించుకోవాల్సింది. స్కూల్లో బొమ్మ వేసేది గోడకోసమా, పిల్లలకోసమా?

పాత డ్రాయింగ్ మాస్టారు: గోడ మీద లేకపోతే పిల్లలకి క్లాసే ఉండదు. బడిగంట గారి స్కూలు చూశావు కదా.

ఎండుటాకు: మాకు కలంకారీ నేర్పిన ఆయన ఎవరి గుడ్డ మీదా గీత పెట్టలేదండీ. నాది వంకరగానే ఉంది, అలాగే ఎగ్జిబిషన్లో పెట్టారు. ఇంతకీ లోయర్ పరీక్ష ఇప్పుడు రాయొచ్చా?

పాత డ్రాయింగ్ మాస్టారు: రాయొచ్చు. ఏడో తరగతి పాసైతే చాలు. హయ్యర్ రాయాలంటే ముందు లోయర్ పాసవ్వాలి. నోటిఫికేషన్ పడేదాకా రోజూ ఫ్రీహ్యాండ్, అంటే స్కేలు పట్టకుండా ఉత్త చేత్తో, గియ్యి. తులసమ్మా, తాకట్టు అన్న మాట వెనక్కి తీసుకో.

తులసికోట: తీసుకోను మాస్టారూ.