బ్రిటన్లు, బ్రిటన్‌గాళ్ళు

మిత్రులారా, ఒక లాటిన్ మాటకు సరైన తెలుగు వెతుకుతున్నాను. మాట "బ్రిట్టుంకులి".

ఇది దొరికింది ఉత్తర ఇంగ్లాండులోని విండోలాండాలో. రోమన్ల సరిహద్దు గోడ అయిన హేడ్రియన్ గోడ కట్టడం క్రీ.శ. 122లో మొదలైంది. అంతకు ముందే అక్కడ రోమన్ల కోట ఉంది. 1973 నుంచి అక్కడి తడి మట్టిలో పలుచని చెక్క రేకులు బయటపడుతున్నాయి. వాటి నిండా సిరాతో రాసిన ఉత్తరాలు, లెక్కలు. పుట్టినరోజుకు తప్పకుండా రమ్మని ఒకావిడ స్నేహితురాలికి రాసిన ఉత్తరం కూడా ఉంది.

164వ నంబరు రేకు మాత్రం స్థానికులు ఎలా యుద్ధం చేస్తారో చెబుతుంది. మొదట "బ్రిట్టోనెస్" అంటుంది. అంటే బ్రిటన్లు, మామూలు పేరే. రౌతులు చాలామంది ఉన్నారు, కత్తులు వాడరు అంటుంది. రెండు మూడు వరుసలు దాటగానే అదే జనం "బ్రిట్టుంకులి" అయిపోతారు! ఈ మాట ఇంకెక్కడా కనబడలేదు. ఇంగ్లీషు అనువాదంలో దీన్ని "దిక్కుమాలిన బ్రిటన్లు" అనే అర్థంలో రాశారు. నాకు అది చాలదు. లాటిన్‌లో తిట్టు విడిగా లేదు, పేరు చివరే ఉంది.

ఆ చివర వచ్చే "ఉంకులుస్" చిన్నదనాన్ని చెప్పే ప్రత్యయం. దానితో ముద్దూ చేయవచ్చు, చులకనా చేయవచ్చు. మేనమామను లాటిన్‌లో "అవుంకులుస్" అంటారు, మూలార్థం "చిన్న తాత". మనం రోజూ పిలిచే "అంకుల్" అందులోంచి వచ్చిందే. మేనమామను ప్రేమగా పిలిచిన ప్రత్యయంతోనే సరిహద్దు అవతలివాణ్ణి తీసిపారేశారు.

మనకూ అలాంటిది ఒకటుంది కదా, "గాడు". చంటిగాడు అంటే ముద్దు, దొంగగాడు అంటే చులకన. అందుకే నా ఓటు "బ్రిటన్‌గాళ్ళు".

కింద ఒకరు "బ్రిటన్ కుర్రకుంకలు" అన్నారు. చిన్నదనం బాగా వచ్చింది, ఒప్పుకుంటాను. కానీ కుంక విడిగా నిలబడే తిట్టు. "గాళ్ళు" అయితే పేరుకే అతుక్కుంటుంది. పైగా పెద్ద పౌరుషం లేకుండా, నోటికి అలవాటైనట్టు వస్తుంది. రేకులో ఉన్న తీరు కూడా అదే.

"అన్నది రోమన్లేనా?" అని ఇంకొకరు అడిగారు. చాలా మంచి ప్రశ్న. అప్పట్లో ఆ కోటలో ఉన్నది ఎక్కువగా బటావియన్లు, టుంగ్రియన్లు. ఇప్పటి నెదర్లాండ్స్, బెల్జియం వైపు తెగలవాళ్ళు. బటావియన్లు 69లో రోము మీదే తిరగబడ్డారు. ఒకటి రెండు తరాలకే అదే జాతి సైనికులు రోము జీతం మీద బ్రిటన్‌లో కాపలా కాస్తున్నారు. రేకు మీద రాసినవాడి పేరు మిగల్లేదు. వాడు బటావియనే అయితే ఆ "గాళ్ళు" నాకు ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

నా అనువాదం ఇలా ఉంచుతున్నాను: "రౌతులు కత్తులు వాడరు. ఈటెలు విసరడానికి బ్రిటన్‌గాళ్ళు గుర్రమూ ఎక్కరు."