స్టెల్లారిస్: సైన్స్ షిప్‌ల ఆటో ఎక్స్‌ప్లోర్‌ని శనివారం ఆటలో ఆపేద్దామా?

చోక్‌పాయింట్:
మన శనివారం స్టెల్లారిస్ (అంతరిక్షంలో సామ్రాజ్యాలు కట్టే గేమ్) మల్టీప్లేయర్‌కి ఒక రూల్ పెడదాం. ఆటలో 2200 సంవత్సరం నుంచి 2230 దాకా ఎవరూ సైన్స్ షిప్‌ని (కొత్త నక్షత్రాల్ని సర్వే చేసే ఓడ) ఆటో ఎక్స్‌ప్లోర్‌లో, అంటే తనంతట తానే తిరిగేలా, వదలకూడదు. ఆటోలో ఉన్న షిప్ సర్వే కాని సిస్టమ్ (నక్షత్రం, దాని గ్రహాలు) ఏది దగ్గరుంటే దానికే పోతుంది, ఏ దారి మనకి ప్రాణమో దానికి తెలీదు. 2018లో 2.0 అప్‌డేట్ వచ్చినప్పటి నుంచి అందరం హైపర్‌లేన్ల మీదే, అంటే నక్షత్రాల మధ్య గీసున్న దారుల మీదే, తిరగాలి కదా, ఒక్క ఇరుకు సిస్టమ్ మన చేతిలో ఉంటే వెనకాల పదిహేను సిస్టమ్‌లు భద్రం. సర్వే పూర్తి కానిదే అక్కడ అవుట్‌పోస్ట్ కట్టి ఆ సిస్టమ్‌ని మనది చేసుకోలేం. పోయిన శనివారం నా మిత్రదేశం షిప్ వెనక మూలనున్న పనికిరాని నక్షత్రాలన్నీ సర్వే చేసుకుంటూ కూర్చుంది. ఈలోగా మూడోవాడు వచ్చి మా ఇద్దరి మధ్య దారిలో పాగా వేశాడు.

రాత్రిషిఫ్ట్:
ఆ మిత్రదేశం నేనే, పేరు పెట్టే అడుగు బ్రో. ఆ దారి ఆటో వల్ల పోలేదు. అప్పుడు అవుట్‌పోస్ట్‌కి ఖర్చయ్యే ఇన్‌ఫ్లుయెన్స్ నా దగ్గర లేదు, సర్వే అయ్యున్నా కట్టేవాణ్ణి కాదు. సరే, ఒకటి చెప్పు. షిఫ్ట్ నొక్కి పది సిస్టమ్‌లు వరసగా క్యూలో పెట్టేసి చాలాసేపు ఆ షిప్ మొహం చూడవు నువ్వు. అది ఆటో కాదా?

చోక్‌పాయింట్:
కాదు. క్యూలో ఏది ముందు, ఏది వెనక అన్నది నేను తేల్చాను.

రాత్రిషిఫ్ట్:
తేల్చావు, తర్వాత వదిలేశావు. నేనూ బటన్ నొక్కి వదిలేశాను. తేడా ఎంత, పది క్లిక్కులా?

కొత్తకెప్టెన్:
అన్నా, నా షిప్ క్రిస్టల్ జీవులున్న సిస్టమ్‌లోకి పోయి మిస్సింగ్ అని చూపిస్తోంది. తిరిగొస్తుందా?

జనార్దన్_జీనో:
వస్తుంది, కొంతకాలం ఆగు. తమ్ముళ్లూ, నేను 2016లో ఆట విడుదలైనప్పటి నుంచి ఆడుతున్నా. అప్పట్లో అనామలీ (సర్వేలో దొరికే వింత) మీద పరిశోధన ఫెయిల్ అయ్యేది, ఒక్కోసారి సైంటిస్ట్ ప్రాణమే పోయేది. అందుకని ఎవర్ని ఎక్కడికి పంపాలో కూర్చుని చూసుకునేవాళ్లం. 2.1లో ఆ ఫెయిల్యూర్ తీసేశారు, ఇప్పుడు పట్టేది టైమ్ ఒక్కటే. ఆటోకి అంత భయపడాల్సిన పని లేదు.

చోక్‌పాయింట్:
జనార్దన్ గారూ, ఆ టైమే కదండీ అసలు ఖర్చు! కొత్త సైంటిస్ట్‌ని పెద్ద లెవెల్ అనామలీ మీద కూర్చోబెడితే ఏళ్లు తినేస్తుంది. అదే మనిషి చేత ముందు సర్వేలు, చిన్న అనామలీలు చేయించి అనుభవం వచ్చాక పంపితే అదే పని ఎంతో తొందరగా అవుతుంది. పోయిన ఆటలో రాత్రిషిఫ్ట్ సిచుయేషన్ లాగ్ (మిగిలిన పనుల జాబితా) తెరిపించి చూశాను, పై నుంచి కింద దాకా ముట్టుకోని అనామలీలే. అందులో రెండు ఇంటి పక్కనే ఉన్నాయి. 2023లో 3.8 వచ్చాక సైంటిస్ట్‌ల లాంటి లీడర్ల సంఖ్యకి పరిమితి కూడా పెట్టారు, ఒక్క సైంటిస్ట్ ఊరికే తిరిగినా నష్టమే.

రాత్రిషిఫ్ట్:
నా లాగ్ నా ఇష్టం. ఆ అనామలీలు ఎక్కడికీ పోవు, తీరిక దొరికినప్పుడు చూస్తా. ఆ సంగతి పక్కన పెట్టు, క్యూ ఆటో కాదని ఇంకా నిరూపించలేదు నువ్వు.

హైడ్రా77:
డిస్టెంట్ వరల్డ్స్ 2 అనే ఇంకో అంతరిక్ష గేమ్‌లో ఏ పని మనం చేసుకోవాలో, ఏది ఆటోకి వదలాలో పనుల వారీగా పెట్టుకోవచ్చు. అక్కడ ఎవర్నీ నువ్వు ఆడట్లేదని అనరు.

చోక్‌పాయింట్:
ఆ ఆటని అలా కట్టారు. స్టెల్లారిస్‌లో మొదటి ముప్ఫై ఏళ్లు అన్వేషణ కాకుండా ఇంకేముంది చేయడానికి? పక్కన ఎవరున్నారో తెలీదు, ఏ పూర్వ నాగరికత ఆనవాళ్లు దొరుకుతాయో తెలీదు. ఒక్కో సిస్టమ్ తెరుచుకుంటుంటే కలిగే ఉత్కంఠ కోసమే నేను ఆడతాను. దాన్ని కూడా బటన్‌కి అప్పజెప్పి, 2250లో యుద్ధం దగ్గర మేలుకునేవాడితో నాకు పొత్తు ఎందుకు?

రాత్రిషిఫ్ట్:
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. నేను డ్యూటీ దిగి, పాపని పడుకోబెట్టి పదకొండుకి కూర్చుంటా. నీ షిప్ సర్వే అయిపోతే నువ్వు పాజ్ కొడతావు. అనామలీ దొరికితే పాజ్. ఎవర్ని పంపాలో ఆలోచించడానికి పాజ్. నువ్వు పాజ్ కొడితే ఐదుగురి ఆటా ఆగిపోతుంది, నేను తెర మీద కదలని నక్షత్రాల్ని చూస్తూ కూర్చుంటా. పోయిన శనివారం రెండు దాటినా మనం 2240 దగ్గరే ఉన్నాం. నువ్వు చేత్తో నడపగలుగుతున్నావంటే మేం నలుగురం ఆగుతున్నాం కాబట్టే. ఇప్పుడు ఆ ఆగడాన్నే మా అందరికీ రూల్ చేస్తావా? అందరూ చేత్తోనే నడపాలంటే అందరూ పాజ్ కొడతారు, తెల్లారిపోతుంది.

చోక్‌పాయింట్:
పాజ్ గురించి ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదే?

రాత్రిషిఫ్ట్:
రెండుసార్లు వాయిస్‌లో అన్నాను. "ఒక్క నిమిషం" అన్నావు.

హైడ్రా77:
నాకూ అదే ఇబ్బంది. కాకపోతే లాగ్ నిండా అనామలీలు వదిలేసి నాకు వనరులు చాలట్లేదని మమ్మల్ని అడుక్కోవడం కూడా బాగాలేదు, రాత్రిషిఫ్ట్. అది నువ్వు ఒప్పుకోవాలి.

రాత్రిషిఫ్ట్:
అడిగింది అప్పు. తిరిగి ఇచ్చాను.

జనార్దన్_జీనో:
ఆట హోస్ట్ చేసేది నేను కాబట్టి చెప్తున్నా. 2230 దాకా స్పీడ్ నార్మల్‌లోనే ఉంచుతా, ఫాస్ట్‌లోకి పోనివ్వను. ఆ స్పీడ్‌లో రెండు మూడు షిప్‌లని పాజ్ లేకుండా చూసుకోవచ్చు. ఒక్కొక్కరికి రెండు పాజ్‌లు. ఆటో ఎవరిష్టం వాళ్లది, కానీ మిత్రదేశంతో కలిసే సరిహద్దు వైపు ఒక్క షిప్‌ని మాత్రం చేత్తో పంపాలి.

రాత్రిషిఫ్ట్:
సరిహద్దు షిప్‌కి సరే. దాన్ని క్యూలో పెట్టొచ్చా?

చోక్‌పాయింట్:
పెట్టుకో. నాకు మాత్రం రెండు పాజ్‌లు చాలవు. ఫస్ట్ కాంటాక్ట్ (కొత్త జాతి ఎదురవడం) వచ్చినప్పుడు ఎన్వాయ్‌ని (దూతని) పెట్టడానికి ఒకటి వేరుగా కావాలి.

రాత్రిషిఫ్ట్:
కాంటాక్ట్‌కి ఒకటి ఇస్తే అందరికీ ఇవ్వాలి. ఐదుగురం, ఒక్కొక్కరికి మూడు. మొత్తం పదిహేను పాజ్‌లు అవుతాయి. నేను ఒప్పుకోను.