ఫొటోలో ఆకుపచ్చ పసుపుగా మారుతోంది, ఏం చేయాలి?

వారం రోజులుగా కంటపడిన ప్రతి ఆకుపచ్చనీ ఫోన్‌తో ఫొటో తీస్తున్నాను. గోడ మీద నాచు, గాజు సీసా, పాత తలుపు బాగానే వచ్చాయి. చెట్టు నీడలోని ఆకులతోనే తంటా. కంటికి ముదురుగా కనిపించే ఆకు ఫొటోలో రేడియంలా పసుపుపచ్చగా వస్తోంది. ఉదయం 7కి తీసినా, మధ్యాహ్నం 12కి తీసినా అంతే.

వెలుగునీడల తేడాను ఫోనే సర్దే హెచ్‌డీఆర్ ఆపేశాను. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ (కాంతి రంగుకు తగ్గట్టు ఫొటో రంగుల్ని సరిచేసే సెట్టింగ్) 5500 కెల్విన్ పెట్టాను, మార్పు లేదు. 6500కి పెంచితే ఇంకా పసుపెక్కింది. ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుతురు) -0.7కి దించితే ఆకు కాస్త నయం, కానీ నీడలన్నీ నల్లబడ్డాయి. ఎడిటింగ్‌లో శాచురేషన్ (రంగుల గాఢత) తగ్గిస్తే ఆకు వాడిపోయినట్టుంది (నా చేతి చలవేమో!).

నీడలోని ఆకు అసలు రంగు రావాలంటే తీసేటప్పుడే గ్రే కార్డుతో (రంగులకు కొలమానంగా వాడే బూడిదరంగు అట్ట) వైట్ బ్యాలెన్స్ సెట్ చేయాలా, లేక రా ఫైల్‌గా (ఫోన్ రంగులు సర్దకముందు ఉండే ఫైల్) తీసి తర్వాత పసుపు, ఆకుపచ్చల హ్యూ (రంగు ఛాయ) మాత్రమే సరిచేయాలా?